పది పెంకుల ప్రశ్న

పెంకుల సందులోంచి జారిన చుక్క సరిగ్గా పదిహేడో నంబరు కాగితం మీద పడింది. ఇంగ్లీషు మాస్టారు అప్పుడే ఎర్రసిరాతో వేసిన మూడు మార్కులు అలుక్కుపోయి, మూడో ఎనిమిదో తెలియకుండా పోయింది. ఆయన విసుక్కుంటూ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. అక్కడా ఓ చుక్క పడింది, ఈసారి బట్టతల మీద.

"ఏమండీ, ఆ టీ గ్లాసు ఇలా ఇవ్వండి. మంచం పక్కన పెట్టాలి," అంది భార్య.

"ఇంకా తాగలేదే."

"తాగేయండి మరి. గిన్నెలన్నీ అయిపోయాయి."

పైన పది పెంకులు పగిలాయి. వాన మొదలైతే చాలు, కింద పదిచోట్ల పది పాత్రలు పెట్టాలి. ఇంటి ఓనరుకు చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. నాలుగుసార్లు చెబితే నాలుగుసార్లూ "చూద్దాం లెండి" అన్నాడు. నోటిమాటకు కదలని మనిషి ఇంగ్లీషు ఉత్తరానికి కదులుతాడని మాస్టారి నమ్మకం. అదీ రాసి చూశాడు. మూడో వాక్యానికే కోపమంతా పెన్నులోకి దిగింది. భార్య విని, ఇది ఉత్తరంలా లేదు నోటీసులా ఉంది, ఇది అందితే ఆయన పెంకుల్ని కాదు మనల్నే మారుస్తాడని చించి పారేసింది. బడికి ఇంత దగ్గర్లో మరో ఇల్లు దొరికే ఆశ ఇద్దరికీ లేదు.

అందుకే మాస్టారు ఓ ఎత్తు వేశాడు. తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా తన గోడునే ఇచ్చేశాడు. మీరు అద్దెకుంటున్న ఇంటికి పది పెంకులు పగిలాయి, బాగుచేయించమని యజమానికి మర్యాదగా ఉత్తరం రాయండి అని. నలభై రెండు మందిలో ఒక్కరైనా పనికొచ్చేది రాయకపోతారా, దాన్నే ఎత్తిరాసి ఓనరుకు పంపేద్దామని.

తీరా దిద్దడానికి కూర్చుంటే తల ప్రాణం తోకకొస్తోంది. చిన్న కథ ఇచ్చి, అందులో ముసలాయన పట్నం ఎందుకు వెళ్ళాడని అడిగితే, ముసలాయన పట్నం వెళ్ళాడు కాబట్టి అని తొమ్మిదిమంది రాశారు. ఇక ఉత్తరం సంగతి చెప్పనే అక్కర్లేదు. పిల్లలకు కంఠతా వచ్చింది సెలవుచీటీ ఒక్కటే. కాబట్టి ముప్ఫైమంది ఇంటి ఓనరునే సెలవడిగారు. తమకు జ్వరంగా ఉందనీ, రెండు రోజులు ఇంటికి రాలేమనీ, మన్నించమనీ వేడుకున్నారు. ఒకడైతే కింద 'మీ విధేయుడైన విద్యార్థి' అని సంతకం పెట్టి, పక్కన ఓ పెంకు బొమ్మ కూడా వేశాడు.

"ప్రశ్న చదవరు. చదివినా అర్థం చేసుకోరు. అర్థమైనా వచ్చిందే రాస్తారు," అని మాస్టారు గోడతో మొరపెట్టుకున్నాడు. గోడ కూడా తడిసే ఉంది.

ముప్ఫై ఎనిమిదో నంబరు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. ఈ ఏడాది హెడ్మిస్ట్రెస్ పెట్టిన పద్ధతి ప్రకారం కాగితాల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఎవరు రాశారో ఏమో గానీ, మాస్టారు ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత భార్యను పిలిచి, అర్థం చెబుతూ చదివాడు.

"అయ్యా, మీ ఇల్లంటే మాకెంతో ఇష్టం. వాన పడేటప్పుడు ఒక్కసారి మా ఇంటికి టీకి రండి. గ్లాసు మాత్రం మీరే తెచ్చుకోవాలి. మా గ్లాసులన్నీ చుక్కల కింద ఉన్నాయి."

ఆవిడ మంచం పక్కనున్న గ్లాసు వైపు చూసి పకపకా నవ్వింది. పదికి పది వేసేయమంది.

మాస్టారు అప్పటికే ఆరు వేసేశాడు. రెండు కామాలు లేనందుకు రెండు తీశాడు, చేతిరాతకు ఒకటి. ఇంకొకటి ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు.

"మరీ ఆరేనా?"

"ఆరు దాటితే నెత్తికెక్కుతారు. నా సర్వీసులో ఉత్తరానికి ఆరు దాటించలేదు."

"ఎత్తిరాసుకోవడానికి మాత్రం పనికొచ్చిందన్నమాట."

మాస్టారు ఎర్రపెన్ను పక్కన పెట్టి నీలంపెన్ను తీశాడు. అక్షరం పొల్లుపోకుండా తెల్లకాగితం మీదికి ఎక్కించి, కింద తన సంతకం పెట్టాడు. సోమవారం క్లాసులో దిద్దిన కాగితాలు బల్ల మీద పెట్టి, ఎవరి నంబరు వాళ్ళను తీసుకోమన్నాడు. ఆ సాయంత్రమే ఉత్తరాన్ని ఓనరు ఇంటి తలుపు సందులోంచి లోపలికి తోశాడు.

బుధవారం పొద్దున్నే ఇద్దరు పనివాళ్ళు నిచ్చెనతో, కొత్త పెంకులతో వచ్చారు. మాస్టారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నాలుగుసార్లు నోటితో అడిగితే కానిది ఒక్క ఇంగ్లీషు ఉత్తరంతో అయిందని భార్య వెంట తిరుగుతూ చెప్పాడు. ఆవిడ గిన్నెలు ఒక్కొక్కటే ఏరి వంటింట్లోకి చేరవేసింది.

గంట తిరక్కుండానే పనివాళ్ళు దిగి నిచ్చెన భుజానికెత్తుకున్నారు. మాస్టారు లోపలికి వెళ్ళి తలెత్తి చూశాడు. బల్లకు పైన, మంచానికి పైన, తలుపు దగ్గర, పొయ్యి పైన ఆకాశం ఇంకా కనబడుతోంది.

"ఇంకా నాలుగున్నాయి కదయ్యా," అన్నాడు పరుగున బయటికొచ్చి.

తమకు చెప్పింది ఇంతేనంటూ పెద్ద పనివాడు జేబులోంచి ఓ చీటీ తీసి ఇచ్చాడు. ఓనరు రాసింది.

"మాస్టారికి నమస్కారం. నాకు ఇంగ్లీషు రాదు. మీ ఉత్తరం మా మేనకోడలి చేతికిచ్చి చదవమన్నాను. అది రెండు ముక్కలు చదివి, తక్కినదంతా కాగితం చూడకుండానే అప్పజెప్పింది. ఎలాగే అంటే, తన పరీక్ష కాగితం తెచ్చి చూపించింది. ఉత్తరం నాకు చాలా నచ్చింది, పది పెంకులూ మార్పిద్దామనే అనుకున్నాను. కానీ అంత చదువుకున్న మీరే పదికి ఆరు వేశాక, చదువురాని నేను ఆరుకు మించి ఎలా వేయించగలను?"