కడచీల

రామలింగం బాడిస, ఉలి, రెండు లుంగీలు సంచిలో కుక్కుతుంటే, చాయ్ గ్లాసుతో వచ్చిన మొగిలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది తమ్మీ? ఇయ్యాల రథం కదిలే రోజు. సంచి సర్దుతానవేంది?"

"ఊరికి పోతాన అక్కా."

"ఎప్పుడు?"

"ఏడు గంటల బస్సుకు."

ముహూర్తం తొమ్మిదింటికి.

పరకాల దగ్గరి ఆ ఊళ్లో పాత రథం చెదలు పట్టి కూలి పదకొండేళ్లయింది. అప్పటినుంచి వేణుగోపాలస్వామి రథసప్తమికి ట్రాక్టరు మీదే ఊరేగుతున్నాడు.

ఏటూరునాగారం నుంచి వచ్చిన వడ్రంగి రామలింగం ఏడు నెలలు మొగిలమ్మ ముందు గదిలో ఉండి, తోటి పనివాడు కట్టయ్యతో కలిసి కొత్త రథం కట్టాడు.

ఇక ఒక్క పనే మిగిలింది. చక్రం జారకుండా ఇరుసు చివర కొట్టే కడచీల.

నాలుగో చక్రానికి అది పడేదాకా రథం చేసినవాడిది. అతని చేత్తో అది పడ్డాకే దేవుడిది. ఆ ఊరి ఆచారం అది.

మొగిలమ్మ కబురు పంపితే ఆలయ కమిటీ అధ్యక్షుడు, ఎరువుల దుకాణం సుదర్శన్ బండి మీద ఉరికొచ్చాడు. వెనకే కట్టయ్య, మరో పదిమంది.

"ఏంది మేస్త్రీ, ఫ్లెక్సీల నీ పేరు లేదనా?"

ఫ్లెక్సీలో చందాలిచ్చిన నలభై మంది ఫొటోలున్నాయి. డీజే పెట్టేవాడిది కూడా ఉంది. రామలింగం పేరు మాత్రం లేదు.

రామలింగం ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాడు.

"అట్లనే అనుకోండ్రి సారు."

"గింతేనా! నా ఫొటో పీకి నీది పెట్టిస్త. నడువు."

"రాను."

"మరి చీల ఎవలు కొట్టాలె? నీ రథం..."

"నాది గాదు." రామలింగం గొంతు పెంచాడు. వాకిట్లో ఉన్న అందరికీ వినబడేలా అన్నాడు. "ఆ రథం నాది గాదు. కట్టయ్య చేసిండు. ఆయనతోనే కొట్టియ్యిండ్రి."

కట్టయ్య బిత్తరపోయాడు.

"గదేందన్నా! నువ్వు గీసిన గీతల మీద కోసినోన్ని నేను."

"నువ్వే చేసినవ్. నాకు సంబంధం లేదు."

మొగిలమ్మకు ఒళ్లు మండింది. ఏడు నెలలు అన్నం పెట్టిన చెయ్యి ఆమెది.

"దేవుని పనికాడ గిట్ల అలిగినోని పిల్లలు సల్లగుంటరా తమ్మీ? ఆడపిల్ల ఉన్నోనివి!"

సంచి జిప్పు మీద రామలింగం చెయ్యి ఆగింది.

తర్వాత జిప్పు లాగి, సంచి భుజాన వేసుకున్నాడు. 'పోయొస్త' అనలేదు.

బస్సు దగ్గరికి గుడి ముందు నుంచే దారి. అతను పత్తి చేన్ల గుండా చుట్టు తిరిగి పోయాడు.

"రథం మొకం గూడ సూత్తలేడు. గింత పొగరా!" అన్నారెవరో.

తొమ్మిదింటికి కట్టయ్య చీల మీద మూడు దెబ్బలు వేశాడు. గుమ్మడికాయ పగిలింది. పూజారి హారతి ఇచ్చాడు. మోకు లాగగానే రథం కిర్రుమనకుండా కదిలింది.

ఊరు ఊరంతా కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నం రథం తిరిగొచ్చి గుడి ముందు నిలబడింది. కాసేపటికి కట్టయ్య ఫోన్ మోగింది. మాట్లాడి, చక్రం పక్కనే కూలబడ్డాడు.

"ఏమైంది కట్టయ్యా?" మొగిలమ్మ దగ్గరికి వచ్చింది.

"రామలింగమన్న ఫోన్ చేసిండు. రథం నిలవడ్డదా అని అడిగిండు. నిలవడ్డదన్నంక చెప్పిండు." కట్టయ్య చక్రాన్ని పట్టుకున్నాడు. "సింధు లేదక్కా. ఆయన బిడ్డ. నాలుగు రోజుల జరమేనట. తెల్లారుగట్ల పోయిందట."

"తెల్లారుగట్లనా!" సుదర్శన్ అదిరిపడ్డాడు. "ఎవలమన్న ఆపుతమా? మాతోటి ఒక్క మాట చెప్పద్దా?"

హారతి పళ్లెం పట్టుకుని వస్తున్న పూజారి ఆగాడు.

"బిడ్డ పోతే ఆయనకు మైల. చీల పడేదాకా రథం ఆయనదాయె. రథానికి గూడ మైలే. చెప్తే ముహూర్తం తప్పేది. మళ్ల రథసప్తమి దాకా ముట్టకపోదుము."

"గందుకేనా నాది గాదన్నడు..." అన్నాడు కట్టయ్య.

మొగిలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పొద్దున తన నోటి నుంచి వచ్చిన మాటను ఇప్పుడు ఆపాలన్నట్టు.

పన్నెండో రోజు దాటాక సుదర్శన్, మొగిలమ్మ కొత్త బట్టలు తీసుకుని ఏటూరునాగారం వెళ్లారు.

రామలింగం దండం పెట్టాడు. బట్టలు మాత్రం ముట్టలేదు.

"నలుగురి ముంగట నాది గాదన్న. ఇప్పుడెట్ల తీసుకుంట సారు? కట్టయ్యకు పెట్టుండ్రి."

"నీ మర్యాద నీకు దక్కాలె గద మేస్త్రీ."

"ఏం మర్యాద సారు. మంచిగ నడిచిందా?"

"నడిచింది."

"సాలు."

మొగిలమ్మ ఉండబట్టలేకపోయింది.

"నా పాడునోరు తగిలిందా తమ్మీ?"

"లేదక్కా. నువ్వనేటాల్లకే పోయింది."

ఆమె అతని చేతులు పట్టుకుని ఏడ్చింది. మళ్లీ రథసప్తమికి తన ఇంట్లోనే దిగాలని మాట అడిగింది.

అతను మాట ఇవ్వలేదు.

మరుసటి రథసప్తమికి కమిటీ కారు పంపింది. రథసప్తమే సింధు పోయిన తిథి కూడా. రామలింగం రాలేదు, ఆ తర్వాత రెండేళ్లూ రాలేదు.