వేలి మందం తేడా

మూడో బోల్టు కూడా ఎక్కలేదు.

మెకానిక్ గొంతుక్కూర్చుని క్రాష్ గార్డును కాస్త పైకెత్తాడు. కాస్త కిందికి దించాడు. గార్డుకున్న రంధ్రం ఒకచోట, బండి ఫ్రేముకున్న రంధ్రం ఇంకోచోట. మధ్యన వేలి మందం తేడా. పోలీస్ స్టేషన్ ఆవరణలో ఎండ నడినెత్తికి వచ్చింది.

ఆ బండి ఇంటింటికీ కొరియర్ కవర్లు పంచే అతనిది. అందరూ అతన్ని కొరియర్ అనే పిలుస్తారు. అడకత్తెరలో పోకచెక్కలా గోడవారన నిలబడి ఉన్నాడు. పక్కన వాళ్ళక్క.

మూడు రోజుల క్రితం బడి మలుపులో ఒక నల్ల బండి రిటైరైన టీచరమ్మను గుద్ది, ఆగకుండా పోయింది. ఆవిడ తుంటి ఎముక విరిగింది. బండి దొరకలేదు గానీ దాని గార్డు ఊడి అక్కడే పడింది. కొరియర్ బండి నల్లది. దానికి గార్డు లేదు. ఆ పూట అతను ఆ వీధిలోనే తిరిగాడు. హెడ్ కానిస్టేబులుకు ఇంకేం కావాలి?

"మా సందు గేటులో పట్టడం లేదని ఏడాది కిందటే పీకేశాను సార్," అని కొరియర్ మొదటి రోజు నుంచీ మొత్తుకుంటున్నాడు. వినే నాథుడు లేడు. ఈ గార్డు తన బండికి ఎక్కిందంటే కేసు. కేసంటే లైసెన్సు పోయినట్టే. లైసెన్సు పోతే ఉద్యోగమూ దాని వెనకే.

అతనికి మెకానిక్ మీద నమ్మకం లేదు. ఎలా ఉంటుంది? పొద్దున హెడ్డూ మెకానిక్కూ ఒకే స్కూటర్ మీద దిగారు. తన బండి బావమరిది తీసుకుపోయాడంటూ హెడ్డు రెండు మూడు రోజులుగా ఇతని వెనకే ఎక్కుతున్నాడు. అయినా రోడ్డు వారన మెకానిక్ షెడ్డు నిలబడిందంటే అది హెడ్డు దయే. ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు.

"దొందూ దొందేరా తమ్ముడూ," అక్క గొణిగింది. "చేతులు అక్కడున్నాయి గానీ వాడి ధ్యాస పని మీద లేదు."

నిజమే. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు నాలుగు బోల్టులకు గంటన్నర తీసుకుంటాడా? పానా మారుస్తాడు. తుడుస్తాడు. మళ్ళీ మొదటి పానాయే తీస్తాడు. మధ్యలో టీ తాగాడు. రెండు నిమిషాలకోసారి గేటు వైపు చూస్తాడు. కలవడం లేదని ఒక్క మాట చెప్పి పోవచ్చుగా. ఎలాగోలా ఎక్కించాలనే చూస్తున్నాడు.

ఇంతలో హెడ్డుకు ఫోనొచ్చింది. ఆయన అటు తిరగ్గానే మెకానిక్ గార్డును తిరగేశాడు. క్లాంపు లోపల బొటనవేలితో రుద్దాడు. ఏదో ఎర్రటి ముక్క లాగి చటుక్కున చొక్కా జేబులో వేసుకున్నాడు.

అక్క మోచేత్తో పొడిచింది. "చూశావా? ఏదో దాచాడు. నీకు పనికొచ్చేదే అయ్యుంటుంది."

కొరియర్ ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. అడిగితే ఏం ముంచుకొస్తుందో, అడక్కపోతే ఏం పోతుందో తెలియలేదు.

హెడ్డు ఫోను పెట్టేసి కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. "ఏమయ్యా, ఇంకా ఎంతసేపు?"

"రంధ్రాలు కలవడం లేదు సార్."

"ఎలా కలుస్తాయి? గుద్దినప్పుడు ఫ్రేము వంగుంటుంది. అదే సాక్ష్యం."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం. బోల్టు ఎక్కితే కొరియర్ దోషి, ఎక్కకపోయినా కొరియరే దోషి.

"వంగితే ఒక పక్కే తేడా వస్తుంది సార్. ఇది రెండు పక్కలా ఒకేలా ఉంది," అన్నాడు మెకానిక్, తలెత్తకుండా.

"అయితే ఆకురాయి తియ్యి. రంధ్రం కాస్త సాగదీస్తే అదే ఎక్కుతుంది."

మెకానిక్ సంచిలోంచి ఆకురాయి తీశాడు. అక్క ఇక ఊరుకోలేకపోయింది.

"అన్నా, మీకూ తోబుట్టువులుంటారు. లేని రంధ్రం పుట్టించి వీణ్ణి లోపల వేయిస్తారా?"

మెకానిక్ ఆమె వైపు చూడలేదు. ఆకురాయిని రంధ్రంలో పెట్టి అటూ ఇటూ ఆడించాడు. పొడి కూడా రాలలేదు. ఏడిపించడానికి కాకపోతే ఎందుకీ నాటకం? మళ్ళీ గేటు వైపు చూశాడు. తప్పు చేసేవాడే అలా దిక్కులు చూస్తాడనుకున్నాడు కొరియర్.

గేటులోంచి జీపు వచ్చింది. ఎస్సై దిగింది. హెడ్డు లేచి సెల్యూట్ కొట్టాడు.

"సరిపోయినట్టే మేడమ్. మెకానిక్ సంతకం ఒక్కటే తరువాయి," అంటూ కాగితం ముందుకు తోశాడు. అది పొద్దున మొదటి బోల్టు పెట్టకముందే రాసిపెట్టిన కాగితం.

మెకానిక్ లేచాడు. మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. కాగితం అందుకోలేదు. జేబులోంచి ఆ ఎర్ర ముక్క తీసి ఎస్సై చేతిలో పెట్టాడు. పాత ట్యూబు ముక్క. దాని మీద రెండు చుట్లు రాగి తీగ.

"ఈ గార్డు ఈ బండిది కాదు మేడమ్. క్లాంపు గడగడలాడకుండా ఇలా తీగ చుట్టి ఎర్ర ట్యూబు పెట్టేది ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఇది నా చేతి పని. నా షెడ్డు పోతే పోనీ."

"అయితే ఎవరి బండిదో గుర్తుందా?" అడిగింది ఎస్సై.

మెకానిక్ ఆకురాయిని సంచిలో పడేశాడు.

"కిందటేడు దీన్ని నేను బిగించింది మన హెడ్డుగారి బండికే మేడమ్."