నిలబడ్డ సూర్యుడు

శనివారం సాయంత్రం నాలుగున్నరకి, సింగపూర్ బెడోక్‌లోని తన ఫ్లాట్‌లో వీరమ్మ ఆంటీ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళగానే, మహీధర్ సూర్యుణ్ణి దొంగిలించి చొక్కా జేబులో వేసుకున్నాడు.

సూర్యుడంటే టారో కార్డు మీది సూర్యుడు. పేకలో అంతకు మించిన శుభమైన కార్డు లేదని ఆంటీయే చెప్పింది. మహీధర్‌కి ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు. నమ్మేది అతని బాసు జనార్ధనరావు.

అది వై టూ కె హడావిడి కాలం. కీబోర్డు మీద నాలుగు వేళ్ళు ఆడించగలిగితే చాలు, సింగపూర్ పిలిచి మరీ ఉద్యోగమిచ్చేది. కంప్యూటర్లమ్ముకుని బతికే రావుగారు మాత్రం వీరమ్మ ఆంటీ కార్డు తీయందే ఆఫీసులో కుర్చీ కూడా జరిపేవారు కాదు. బొమ్మ నిలబడి వస్తే సరే, తలకిందులుగా వస్తే వద్దు. ఉద్యోగులు ఏటా జీతం పెంచమని అడిగేవారు. వాళ్ళలో ఒకరి చేత కార్డు లాగించేవారు. మూడేళ్ళూ తలకిందులే వచ్చింది. "నాదేముందయ్యా, మీ రాత!" అని ఆయన నిట్టూర్చేవారు.

ఆ కడుపుమంటతోనే మహీధర్ పని కానిచ్చాడు. ఏడాది కష్టపడి క్లినిక్కుల కోసం రాసిన ప్రోగ్రామును సీడీకెక్కించి పోటీ కంపెనీకి అమ్మేశాడు. నెల తిరక్కుండా సంగతి బయటపడింది. ఆ సీడీ ఉండే అల్మారా తాళాలు ముగ్గురి దగ్గరే ఉన్నాయి. మహీధర్, నిఖిల, వికాస్.

"పోలీసుల దగ్గరికి పోతే ఉన్న కస్టమర్లు కూడా జారుకుంటారు," అన్నారు రావుగారు శుక్రవారం నాడు. "ఆదివారం ఆంటీ ఇంటికి రండి. తలో కార్డు లాగండి. తలకిందులొచ్చిన వాళ్ళు సోమవారం నుంచి ఆఫీసుకి రానక్కర్లేదు."

ఉద్యోగం పోతే వర్క్ పాస్ పోతుంది. పాస్ పోతే, ఇక్కడే శాశ్వతంగా ఉండిపోవడానికి పీఆర్ కోసం పెట్టిన కాగితాలు చెత్తబుట్టలోకి, మహీధర్ విమానంలోకి. అందుకే తన పీఆర్ జాతకం చూపించుకునే వంకతో శనివారమే ఆంటీ దగ్గరికి చేరాడు.

"తలకిందులొస్తే చెడ్డేనా ఆంటీ?" అని మెల్లగా కదిపాడు.

"ఎవరన్నారు తంబీ? ముక్కదేముంది పాపం. లాగిన చెయ్యి మంచిదవ్వాలి," అంది ఆంటీ. ముత్తాతల నాడు విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం ఆవిడది. తెలుగులో కాస్త అరవం, కాస్త మలయ్ కలిసిపోయాయి. "ఉండు, తే తెస్తాను, తాగి పో."

ఆవిడ కార్డుని అట్టు తిరగేసినట్టు కింది అంచు పట్టి పైకి తిప్పుతుందని అతను అప్పటికే గమనించాడు. ఇంటికెళ్ళి భోజనం బల్ల మీద సూర్యుణ్ణి పదిసార్లు అలాగే తిప్పి చూసుకున్నాడు. ఎటు తల పెట్టి బోర్లిస్తే ఆవిడ చేతిలో నిలబడతాడో తేలింది. ప్రోగ్రాములు రాసేవాడు కదా, టెస్టింగ్ చెయ్యందే తృప్తి ఉండదు.

ఆదివారం పొద్దున్న ఆంటీ చాప మీద పేకని బోర్లించి విసనకర్రలా పరిచింది.

"లాగిన ముక్క తిప్పకుండా నా వైపు తొయ్యండి. అయ్యాక మకాన్ చేసి పోండి, అన్నం వండేసినాను."

మొదట నిఖిల. ఆంటీ కార్డు తిరగేసింది. తలకిందులు.

"నాకేం తెల్వద్ సార్! మా అమ్మ మీద ఒట్టు," అని నిఖిల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తరవాత వికాస్. అదీ తలకిందులే. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు, ఊరుకుంటాడా? "దిస్ ఈజ్ నాట్ ఫెయిర్ లా, అంకుల్!" అని ఎగిరిపడ్డాడు.

మహీధర్‌కి వాళ్ళని చూస్తే పాపం అనిపించింది. పాపం కన్నా హాయే ఎక్కువ అనిపించింది. చెయ్యి పేక మీద పెట్టి, ఒక కార్డు లాగినట్టే లాగి, అరచేతి కింద దాచిన సూర్యుణ్ణి ముందుకు తోశాడు.

ఆంటీ అట్టు తిరగేసింది. సూర్యుడు నిటారుగా నిలబడి వెలిగిపోతున్నాడు.

"చూశారా సార్?" అన్నాడు మహీధర్.

"చూశానయ్యా," అన్నారు రావుగారు. ఆయన నవ్వలేదు. మిగిలిన కార్డులు కూడా తిప్పమని ఆంటీకి సైగ చేశారు. ఒకటి తిప్పింది, తలకిందులు. రెండోది, తలకిందులు. ఇరవయ్యోదీ తలకిందులే.

"పేకంతా తలకిందులుగా పేర్పించాను. దొంగబుద్ధి లేనివాడు ఏది లాగినా తలకిందులే రావాలి," అన్నారు రావుగారు. "మరి నీ సూర్యుడు ఎక్కణ్ణించి పొడిచాడు?"

నిఖిల కళ్ళు తుడుచుకుంది. మహీధర్ ఆఖరిసారి బుర్రకి పదును పెట్టాడు.

"ఆంటీ పెద్దావిడ సార్. పేర్చేటప్పుడు ఒకటి తిరగబడి ఉండొచ్చుగా! ఒక్క కార్డు చూసి దొంగనంటారా?"

రావుగారు నోరు తెరిచేలోపే వీరమ్మ ఆంటీకి రోషం ముంచుకొచ్చింది.

"నా చెయ్యి తప్పుతాదా? మూడేళ్ళ బట్టి మీరు జీతం పెంచమన్న ప్రతిసారీ రావు తంబీ చెప్పినట్టు పేకంతా ఇలాగే పేర్చినాను, ఒక్క ముక్కయినా నిలబడిందా?"