గంటక్క ముఖం

ఆ ఉదయం ఎక్కడో ఒక ప్రోగ్రామరు తన పేరు పోగొట్టుకున్నాడు.

ఎవడో దొంగ అతని ఖాతాలో దూరి, అతని పేరుతోనే, అతని మాటతీరుతోనే ఒక అప్‌డేట్ పంపాడు. నమ్మి వేసుకున్న వేలాది కంప్యూటర్లు మధ్యాహ్నానికల్లా మూగబోయాయి. వార్త గుప్పుమంది. సాఫ్ట్‌వేర్ వాళ్లలో కొందరు హడావిడిగా పాస్‌వర్డులు మార్చుకున్నారు. కొందరు జోకులు వేసుకున్నారు. ఎక్కువమంది మాత్రం "నేనెప్పుడో చెప్పాను" అన్నారు.

మూడింటికి ఆ సెగ 'గంట'నూ తాకింది.

'గంట' చిన్న ప్రోగ్రాం. బడిలో ఏ టీచరూ ఒకే పీరియడులో రెండు క్లాసుల్లో పడకుండా టైంటేబుల్ వేస్తుంది. వేళకు గంట కొడుతుంది. చార్టు ముందు కూర్చుని, పెన్సిలు గీతలు చెరిపి చెరిపి కళ్లనీళ్లు పెట్టుకున్న ఒక టీచరమ్మ కోసం పుట్టింది. ఇప్పుడు నాలుగు వేల బడుల్లో మోగుతోంది. జీతభత్యాలు లేని పని. చూసుకునేది ముగ్గురు. మూడేళ్ల కిందట, పరిచయమైన రోజున, ఒక్కసారి వీడియోలో ముఖాలు చూసుకున్నారు. ఆ తర్వాత అంతా రాతల్లోనే, మారుపేర్లతోనే. అప్‌డేట్లు పంపే తాళంచెవి ఉన్నది రెండు ఖాతాలకు: వాచ్‌మన్‌కి, గంటక్కకి.

భద్రత సంగతులు చూసే వాచ్‌మన్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు.

"ఐదింటికి అందరం వీడియోలోకి వద్దాం. మొహాలు చూసుకుందాం. రానివాళ్ల తాళం తీసేద్దాం."

గంటక్క ఖాతా తెరిచి కూర్చున్న ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. లాప్‌టాప్ కెమెరా మీద నీలం టేపు ముక్క ఉంది. దాన్ని ఆమె ఎన్నడూ పీకలేదు. ఇవాళ పీకే ఉద్దేశమూ లేదు.

"నేను రాను." అని రాసింది.

"ఎందుకు రావు గంటక్కా?"

"నా మొహం చూసి ఏ బళ్లోనూ గంట మోగదు."

'గడ్డం' అనే మారుపేరున్న మూడోవాడు నవ్వు బొమ్మ పెట్టాడు. "గుమ్మడికాయల దొంగంటే నువ్వెందుకక్కా భుజాలు తడుముకుంటావ్?"

"భుజాలు కాదు నాయనా, మెడ తడుముకుంటున్నాను. కత్తి పెట్టింది దాని మీదే కదా."

వాచ్‌మన్ నవ్వలేదు. "సీరియస్‌గా అడుగుతున్నానక్కా. నిరుడు రెండు నెలలు మాయమైపోయావ్. తిరిగొచ్చాక మొదట్లో అన్నీ ఒక లైను, రెండు లైన్ల మార్పులే. అంతకుముందు పేజీలకు పేజీలు ఊదేసేదానివి. జోకులూ మునుపటివి కావు. ప్రతి వాక్యానికీ ఫుల్‌స్టాప్. ఇవాళ్టి దొంగ కూడా ఇలాగే దూరాడు. నువ్వు నువ్వేనని మాకేంటి నమ్మకం?"

ఆమె చెవులు వేడెక్కాయి. టేబుల్ మీద ప్రింటు తీసిన కోడ్ కాగితాలున్నాయి. వాటి నిండా ఎర్రసిరా టిక్కులు, సున్నాలు. ఒక్కో లైనూ మూడేసి సార్లు చదివిన కాగితాలు.

"ఆ రెండు నెలలూ నా ఇంటి విషయం." అని రాసింది. ఫుల్‌స్టాప్ కూడా పెట్టింది.

భర్త వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. తెర మీది మాటలన్నీ చదివాడు.

"ఆ టేపు పీకెయ్యి. ఉన్నమాట చెప్పేస్తే పోతుందిగా," అన్నాడు మెల్లగా.

"చెబితే ఆ పేరు కొట్టేస్తారండీ."

"అయినా ఎన్నాళ్లని..."

"కొట్టెయ్యనివ్వను."

భర్త మంచినీళ్ల గ్లాసు ఆమె చేతికందేంత దూరంలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"దొంగ మాటతీరు దొంగిలించగలడు. మొహాలు కూడా తయారుచేస్తున్నారట ఇప్పుడు. ఏడాది చాకిరీ మాత్రం ఎవడూ తయారుచెయ్యలేడు. తిరిగొచ్చాక నేను పంపినవి నలభై ఒక్క మార్పులు. అన్నీ మీ కళ్లముందే ఉన్నాయి. ఐదింటిదాకా టైముంది. ఒక్కొక్కటీ విప్పి చూడు. ఒక్క విషపు చుక్క దొరికినా నా తాళం నేనే నీ చేతిలో పెడతాను. దొరక్కపోతే ఇంకెప్పుడూ నా మొహం అడక్కు."

"పంతమా అక్కా?"

"పంతమే."

నాలుగైంది. నాలుగున్నరైంది. గ్లాసులో నీళ్లు అలాగే ఉన్నాయి. ఎక్కడైనా ఒక కామా జారిందేమోనని ఆమె కాగితాలు మళ్లీ మొదటినుంచీ తిప్పింది. విషం లేదని తెలుసు. తప్పు లేదని మాత్రం ఎవరు చెప్పగలరు?

ఐదుకు నాలుగు నిమిషాలుండగా వాచ్‌మన్ వచ్చాడు.

"చూశానక్కా. నలభై ఒకటీ చూశాను."

ఆమె కాగితాలు పక్కన పెట్టింది.

"విషం లేదు సరికదా, పదిహేడో మార్పులో నువ్వు మూసిన కన్నం చూసి నా తల తిరిగింది. టీచర్ల ఫోన్ నంబర్లన్నీ బయటికి కారిపోయే కన్నం అది. భద్రత చూసేవాణ్ని, నాకే కనపడలేదు. ఎవ్వరికీ చెప్పకుండా పూడ్చేసి కూర్చున్నావ్."

"దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరగడం నాకు చాతకాదు నాయనా."

"తగిలింది వాచ్‌మన్‌కి!" అన్నాడు గడ్డం.

"తగిలిందిలే. సారీ అక్కా. దొంగ కన్నం వేస్తాడు గానీ పూడ్చడు. నువ్వు నువ్వే. ఒప్పుకుంటున్నాను."

"సరే." అని రాసింది ఆమె. లాప్‌టాప్ మూత మెల్లగా దించింది. మూత మీద అంచులు లేచిన పిల్లి బొమ్మ స్టిక్కరును బొటనవేలితో అదిమిపట్టింది.

గంటక్క పేరుతో 'గంట' రాసిన తన కూతురు పోయి పద్నాలుగు నెలలైందన్న ఒక్క వాక్యాన్ని మాత్రం ఆమె ఆ రోజు కూడా రాయలేదు.