ఇలియం దగ్గర ఖాళీ

“ఇలియం అంటే ఏంది?” స్కూటర్ స్టాండు తీస్తూ అడిగాడు సాయిచంద్.

“ఏ ఇలియం? పేగా, తుంటి ఎముకా?” వెనక సీటెక్కుతూ అంది ఉమాశ్రీ.

“నువ్వే చెప్పాలె.”

“పలికితే రెండూ ఒకటే కదా! స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా. ముందూ వెనకా ఏముందో చెబితే తేలుతుంది.”

ఒంట్లో ఇన్ని భాగాలుంటే పేర్లకు కరువొచ్చినట్టు రెండింటికీ ఒకే పేరు పెట్టడమేమిటని ఆమె ఒళ్లుమంట. కానీ అమెరికా డాక్టర్లు టేపుల్లో చెప్పింది విని టైపు చేసే ఉద్యోగానికి ఇవే ముఖ్యం. ఉమాశ్రీ లింగంపల్లిలో సాయిచంద్ వాళ్ల మేడమీద గది కిరాయికి తీసుకుని, అతనితోపాటే శిక్షణలో చేరింది. ఇవాళ మాదాపూర్‌లో పరీక్ష. ఉన్నది ఒక్కటే ఉద్యోగం. అది రాకపోతే సామాను సర్దుకుని తణుకు వచ్చేస్తానని నాన్నకు మాటిచ్చింది. తలుచుకుంటేనే ఏడుపొస్తోంది.

సాయిచంద్ కిక్కు కొట్టబోతూ గట్టిగా తుమ్మాడు.

ఉమాశ్రీ గబుక్కున దిగి మెట్టు మీద కూర్చుంది.

“ఏంది, దిగినవ్?”

“తుమ్మితే ఎక్కడి పని అక్కడే కాసేపు ఆపాలి. మా బామ్మ నేర్పింది.”

“జలుబు చేసింది తల్లీ! గిట్ల తుమ్మినప్పుడల్లా కూసుంటే ఇగ పరీక్షకు పోయినట్టే.”

“చిన్నప్పటి అలవాటు. నా చేతుల్లో లేదు.”

పరీక్ష హాల్లో ఇద్దరికీ పక్కపక్క కంప్యూటర్లే పడ్డాయి. స్పీకర్లో టేపు ఒక్కసారే వేశారు. వెనక్కి తిప్పడం లేదు, మళ్లీ వినడం లేదు. దారిపొడుగునా వల్లెవేసినవన్నీ వరసగా వచ్చాయి.

బయటికొచ్చేసరికి ఉమాశ్రీ ముఖం పాలిపోయింది.

“ఒక మాట వదిలేశాను. ఇలియం.”

“అరె, పొద్దున్నే చెప్పుకున్నం గదా! వినవడలేదా?”

“వినపడింది. చేతులు కదల్లేదు. ఈలోగా టేపు ముందుకెళ్లిపోయింది.”

“నేనైతే ఎముకని రాసేసిన. ఫికర్ జెయ్యకు, ఒక్క మాటే గదా.”

ఆమె అతనికేసి కొరకొరా చూసి ముఖం తిప్పుకుంది. నాకు వచ్చిందని కుళ్లు కాబోలు అనుకుని సాయిచంద్ నవ్వుకున్నాడు.

కాసేపటికి అందరినీ లోపలికి పిలిచారు. పరీక్ష పెట్టిన కనకలక్ష్మి మేడమ్ కాగితాలు బల్ల మీద పెట్టింది.

“టేపులో ఆ ఇలియం పేగో ఎముకో ఎక్కడా తేలదు. కావాలనే అలా చెప్పించాం. మీరంతా ఏదో ఒకటి ఊహించి రాసేశారు. ఊహించి రాస్తే అవతల రోగి ప్రాణం మీదికొస్తుంది. తేలని చోట ఖాళీ వదలాలి, అదీ ఇక్కడి పద్ధతి. వదిలింది ఒక్కరే. ఉమాశ్రీ, ఉద్యోగం నీదేనమ్మా!”

ఉమాశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. తణుకు బస్సెక్కే గండం తప్పింది.

“చేతిదాకా వచ్చిన మాటని ఆపుకోవడం పెద్దవాళ్ల వల్లే కాదు. ఎవరు నేర్పారు?” మెచ్చుకోలుగా అడిగింది మేడమ్.

“మా బామ్మండీ,” తల వంచుకుంది ఉమాశ్రీ.

“మంచి పెంపకం!”

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సాయిచందే. బయటికి రాగానే పట్టుకున్నాడు.

“జబర్దస్త్ తెలివి నీది! ఆడ ఆగాలని ఎట్ల తట్టింది?”

ఉమాశ్రీ కొంగుచాటున నవ్వాపుకుంటూ, జేబురుమాలు తీసి అతని చేతిలో పెట్టింది.

పరీక్షలో సరిగ్గా ఆ ఇలియం దగ్గరే అతను తుమ్మాడు.