సుక్క నేదు

కొండల మీద మబ్బు ఎప్పుడు పడుతుందో, వాన ఎంత కురుస్తుందో కంప్యూటరు మోడల్ సరిగ్గా చెప్పలేకపోతోందని మిరియం రెండేళ్లుగా దాన్ని దిద్దుతోంది. పట్నంలో, సీతమ్మధారలోని ఇంట్లో ఆమె ఒక్కతే. రాత్రి తొమ్మిదికి ఫోను మోగిందంటే వరహాలమ్మే. కొండ మీద డబ్బాలో పడ్డ వాననీటిని గాజు గ్లాసులో పోసి, కొలిచి, లెక్క చెప్పే ముసలామె. చాలా రోజులు మిరియంతో మాట్లాడే గొంతు అదొక్కటే.

నిరుడు మోడల్ సున్నా అన్న రాత్రే కొండవాగు గెడ్డ పొంగి, వరహాలమ్మ పక్కింటిని మనుషులతో సహా ఊడ్చుకుపోయింది. ఈ రాత్రి కూడా తెర మీద సున్నాయే ఉంది.

"గలాసు ఎండిపోయుందమ్మా. సుక్క నేదు," అంది వరహాలమ్మ.

ఆ మాట వెనక వాన హోరుమంటోంది.

"మరి ఆ చప్పుడేంటి మామ్మా?"

"నానూ అదే అడుగుదామనుకుంతన్నాను. మీకాడ గట్టిగా కురుస్తన్నట్టుంది కదేటి!"

మిరియం కిటికీ తెరిచింది. వీధి పొడిగా ఉంది. ఆకాశం నిండా చుక్కలు.

"ఇక్కడ వాన లేదు మామ్మా. నువ్వు అందర్నీ లేపి, పైన బడి దగ్గరికి తీసుకుపో."

"సుక్కలు మెరుస్తంటే ఊరంతా నేపితే నన్ను తిట్టరేటి?" ముసలామె నవ్వింది.

"తిడితే నా పేరు చెప్పు. ముందు లేపు."

ఫోను కట్టయిపోయింది. మిరియం మళ్లీ మళ్లీ చేసింది. ఎవరూ ఎత్తలేదు. చివరికి ఫోను స్విచాఫ్ చేసి బల్ల మీద బోర్లించింది.

వాన చప్పుడు ఆగలేదు.