పొడుగు దారం

సాత్విక్ స్కాన్ చేశాడంటే చీమ పంట్లో పుచ్చు కూడా దొరికిపోతుంది.

ఈ మాట అన్నది సాత్వికే. గవర్నర్‌పేటలోని ఆ క్యాన్సర్ ఆసుపత్రి ల్యాబులో రోజుకు నాలుగుసార్లు అంటాడు.

నోట్లోంచి కోసి తీసిన ముక్క సీసాలో వస్తుంది. దాన్ని చుట్టూ స్కాన్ చేసి, కంప్యూటర్లో త్రీడీ బొమ్మగా నిలబెట్టడం అతని పని. తరవాత డాక్టర్ సింధూరి ఆ ముక్కను మైక్రోస్కోపులో చూసి, క్యాన్సర్ ఏ అంచు దాకా పాకిందో బొమ్మ మీద ఎర్రగా గుర్తు పెడుతుంది. సర్జన్ ఆ వైపు మళ్లీ కోస్తాడు.

ముక్కకు ముందేదో వెనకేదో తెలియడానికి రెండు దారాలు కుట్టి పంపుతారు. పొట్టిది ముందు. పొడుగుది వెనక.

ఆ మంగళవారం నూట పధ్నాలుగో నంబరు వచ్చింది. ఎడమ బుగ్గ లోపలి ముక్క.

శుభ్రం చేస్తుంటే కత్తెర జారింది. పొడుగు దారం తెగింది. రెండూ సమానమైపోయాయి.

"మేడంగారికి చెప్పేయ్ బాబూ" అన్నాడు సీసాలు తెచ్చే ఫిలిప్.

"ఎందుకన్నా? కళ్లు మూసుకుని చెప్తా. ఇదే ముందు."

నిజంగానే కళ్లు మూసుకుని చెప్పాడు. సింధూరి ఎర్ర గుర్తు ఆ వైపే పడింది.

శనివారం ల్యాబు గుమ్మంలో ఎవరో ముసలాయన నిలబడ్డాడు. ముక్కు దాకా తువ్వాలు చుట్టుకున్నాడు. చేతిలో వేలెడు చెక్క ముక్క. కొండపల్లి బొమ్మలు చేసే తేలిక చెక్క. ఒక కొస సన్నం, ఒక కొస లావు. లావు కొస మీద ఎర్ర చుక్క.

"ఏంటి తాతా, వంకాయా?"

ముసలాయన అడ్డంగా తలూపాడు. కంప్యూటర్ వైపు చూపించాడు.

"నీ బొమ్మకి కంప్యూటర్ బేరమా? అది అమ్మంలే. ఆసుపత్రే అమ్ముడుపోద్ది."

ముసలాయన ఎర్ర చుక్క మీద వేలు పెట్టాడు. అదే వేలు ఎడమ చెవి కింద పెట్టుకున్నాడు.

"ఓహో, చెవిపోగా! అన్నా, ఫ్యాషన్ చూడు."

ముసలాయన చెక్కను టేబుల్ మీద పెట్టి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

సాత్విక్ దాన్ని సరదాగా స్కాన్ చేసి, 'కొండపల్లి వంకాయ' అని పేరు పెట్టి స్టాఫ్ గ్రూపులో పడేశాడు. ముప్పై నవ్వులొచ్చాయి. తరవాత ఆ చెక్కను ఊగుతున్న టేబుల్ కోడు కింద తోశాడు. బాగా కుదిరింది.

సోమవారం నూట పధ్నాలుగుకు మళ్లీ ఆపరేషన్. ముందు వైపు ఇంకో ముక్క తీశారు. అందులో క్యాన్సర్ లేదు.

"చూశావా, క్లీన్!" అన్నాడు సాత్విక్.

ఫిలిప్ ఖాళీ సీసా తీసుకుని వెళ్లిపోయాడు.

ఆరు నెలలకు సింధూరి ల్యాబులోకొచ్చి కుర్చీలో కూలబడింది.

"నూట పధ్నాలుగు పొద్దున పోయాడు. జబ్బు వెనక వైపు మిగిలిపోయింది, సాత్విక్. మనం ముందన్నాం. మొదటి ఆపరేషన్లో ముక్క తీశాక బుగ్గలో మిగిలిన గుంతను సర్జన్ స్కాన్ చేశాడు, అది తియ్యి. మన బొమ్మ అందులో పెట్టు."

పెట్టాడు. పట్టలేదు.

"సాఫ్ట్‌వేర్ మేడం... ఒక్కోసారి..."

కంగారులో పక్క ఫైలు మీద నొక్కాడు. వంకాయ తెరుచుకుంది. సింధూరి మౌస్ లాక్కుని దాన్ని గుంత దగ్గరికి జరిపింది.

వెంట్రుక వాసి సందు లేకుండా కూర్చుంది. ఎర్ర చుక్క వెనక వైపు పడింది, చెవి కింద.

"ఎవరు చేశారిది?"

సాత్విక్ టేబుల్ కోడు వైపు చూశాడు.

"రెండో ఆపరేషన్‌కు ముందు రిపోర్టులో బొమ్మ చూపిస్తే పేషెంట్ అడ్డంగా తలూపాడంట. భయపడుతున్నాడనుకున్నారంట. నోరు తెరవలేడు కదా. నాలుకతో గుంత తడుముకుని, లావు కొస వెనకుందని చెప్పడానికి చూశాడేమో..."

సాత్విక్ నేల మీద కూర్చున్నాడు. కోడు కింద నుంచి చెక్క లాగాడు. టేబుల్ ఒరిగింది.

"పొడుగు దారం నేనే తెంపాను మేడం. మీకు చెప్పలేదు. ఇది తెచ్చినాయన బొమ్మలమ్ముకునేవాడనుకున్నా... నూట పధ్నాలుగే వచ్చాడు మేడం."